బస్తా కుట్టు, బొంత కుట్టు

లెక్కలు రాక ఏడో తరగతిలో బడి మానేశాను. యాభై ఏళ్లొచ్చాక మళ్లీ ఫెయిలయ్యాను, ఈసారి సూదీ దారం దగ్గర. మా అమ్మ ముందు కూర్చుంటే పాత పంతులే నయమనిపించింది. ఆయన రెండు దెబ్బలేసి వదిలేసేవాడు.

సంగారెడ్డి ఆస్పత్రిలో నా బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. నాలుగో రోజు ఇంటికి తెస్తాం. మా ఇంట్లో పసిపిల్లను మొదట పడుకోబెట్టేది అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత మీదే. ఇప్పుడేమో ఆమెకు సూది కనబడటం లేదు.

“నువ్వే కుట్టు కొడుకా. పాశమైలారం కంపెనీల పొద్దంత బస్తాలు కుడ్తలేవా? నేను చెప్త.”

ఉతికి ఉతికి మెత్తబడిన చీరను నాలుగు మడతలుగా పరిచాం. అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ రావాలి. కుట్టు బియ్యపు గింజంతే ఉండాలి, ముడి పొరల మధ్య దాచాలి. నేను ఒక వరుస కుడితే అమ్మ వేలితో తడిమేది.

“ఇది గింజనా? చిక్కుడుకాయ! విప్పు.”

మళ్లీ కుట్టేవాణ్ని.

“ఈడ ముడి గుచ్చుకుంటుంది. విప్పు.”

రెండు రోజుల్లో నేను కుట్టింది జానెడు, విప్పింది గజం.

“కనవడదంటివి, ఇవన్ని ఎట్ల దొరుకుతున్నయే నీకు?”

“పిల్ల పండేది కండ్ల మీద గాదురా, ఈపు మీద.”

విసుగొచ్చి మూడో రోజు బొంతను మా దాణా కంపెనీకి పట్టుకెళ్లాను. అన్నం తినే టైంలో బస్తా మూతులు కుట్టే మిషన్‌తో అయిదు నిమిషాల్లో బర్రున కుట్టేశాను. సాయంత్రం గర్వంగా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను.

“దాణా వాసనేందిరా?” అంటూనే తడిమింది. వేలాడుతున్న దారం కొస వేలికి తగిలింది. లాగింది. సర్రుమని వరుస మొత్తం ఊడొచ్చింది. బస్తా కుట్టు గుణమే అది. కొన్నవాడు ఒక్క లాగుకు విప్పుకోవాలనే అట్లా కుడతాం. ఇన్నేళ్లుగా అదే పని చేస్తున్నా, ఆ సంగతే గుర్తు రాలేదు నాకు.

అమ్మ తిట్టలేదు. “రేపు పిల్లను ఉత్త బండల మీద పండవెడ్తవా?” అంది. తిట్టినా బాగుండేది.

మరునాడు సెలవు పెట్టి పొద్దున్నుంచీ కూర్చున్నాను. వరుసలు కాలువ గట్టులా వంకర పోయాయి. కానీ అమ్మ ఒక్క ముడి కూడా పట్టుకోలేకపోయింది. సాయంత్రం మనవరాల్ని దాని మీద పడుకోబెట్టారు. నేను కళ్లారా చూసుకునేలోపే తడిపేసింది.

“ఒక్క పూటన్న ఆగొద్దా! నా నాలుగు రోజుల కష్టం!”

అమ్మ అప్పటికే పెట్టె తెరిచి ఇంకో చీర తీస్తోంది.

“నువ్వు పుట్టినప్పుడు ఏడు కుట్టిన. ఊకెనే కుట్టిననా? జల్దీ కూసో.”