ముప్పై ఏడు రోజుల వాన

2019 మార్చి 11, సోమవారం. అప్పటికి నేను ఒక వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్‌ని. రిటైర్మెంట్‌కు ఇంకా ఏడాదిన్నర ఉంది. వాతావరణ రిజిస్టర్ల తనిఖీ నా పని. హయత్‌నగర్ దాటాక ఉన్న మా పొలంలో తీసిన రీడింగులు వారానికోసారి నా బల్ల మీదికి వచ్చేవి.

ఆ పొలంలో రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న ఖాళీ మడి ఒకటి ఉండేది. అందులో మెడ వంచిన మూడు థర్మామీటర్లు ఐదు, పది, ఇరవై సెంటీమీటర్ల లోతున పాతి ఉండేవి. గడ్డి మొలవకూడదు, నీడ పడకూడదు. రోజుకు రెండుసార్లు, స్థానిక కాలమానం ప్రకారం ఏడింటికి, రెండింటికి చూడాలి. అది మన గడియారంలో ఏడూ పదహారు, రెండూ పదహారు. చూసేటప్పుడు కన్ను పాదరసం మట్టానికి రావాలి. ముందు దశాంశం చదవాలి, తర్వాత డిగ్రీ. మనిషి దగ్గరికి వస్తే ఒంటి వేడికి పాదరసం కదులుతుందని ఈ నియమం.

ఈ పని బాలమణి చేసేది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి హయత్‌నగర్‌లో కిరాయికి ఉండేది. ఎనిమిదేళ్లుగా ఔట్‌సోర్సింగ్ మీద పరిశీలకురాలు. ఆమె కాంట్రాక్టు ఏటా మార్చి 31కి ముగిసేది, ఏప్రిల్ 1న మళ్లీ రాసేవారు.

ఆ సోమవారం సుధీర్ ఒక గ్రాఫు పట్టుకుని వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, మా సైంటిస్టు. గాలి వేడి, ఎండ, వాన వివరాలు ఇస్తే నేల లోపలి వేడిని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ ఒకటి నడిపేవాడు. అది సరిపోయిందని తేలితే, థర్మామీటర్లు లేని ఊళ్లలో కూడా విత్తనం ఎప్పుడు వేయాలో రైతులకు చెప్పవచ్చు. సరిపోయిందో లేదో తేల్చడానికి మా దగ్గర ఉన్నది ఆ ఒక్క మడి.

ఫిబ్రవరి 4 వరకు గ్రాఫులో మోడల్ గీతా, బాలమణి రీడింగుల గీతా కలిసే నడిచాయి. 5 నుంచి మధ్యాహ్నపు గీతలు విడిపోయాయి. బాలమణి రీడింగు మోడల్ లెక్క కంటే ఐదు సెంటీమీటర్ల దగ్గర మూడు డిగ్రీలు తక్కువ. పది దగ్గర ఒకటిన్నర, ఇరవై దగ్గర అర. ఉదయం రీడింగుల్లో పెద్దగా తేడా లేదు.

"పొద్దున వెళ్తోందండీ. మధ్యాహ్నం ఎండకి భయపడి ఇంట్లో కూర్చుని రాస్తోంది," అన్నాడు సుధీర్. పరిశీలకురాలి రీడింగులు నమ్మదగినవి కావని డైరెక్టర్ గారికి నోటు కూడా సిద్ధం చేసుకున్నాడు. అది వెళితే ఏప్రిల్ 1న ఆమె పేరు ఉండదు.

ఇంట్లో కూర్చుని అబద్ధం రాసేవాళ్లకు లోతును బట్టి తేడాను ఇంత క్రమంగా తగ్గించడం చేతకాదని చెప్పాను. పైన ఏదో జరిగి, అది కిందికి దిగుతూ పలచబడుతోంది. నోటు మూడు రోజులు ఆపమన్నాను, ఆపాడు.

13వ తేదీ బుధవారం, చెప్పకుండా వెళ్లాను. నెలకోసారి వెళ్లేదాన్నే, కానీ ఎప్పుడూ మధ్యాహ్నం పూటే. ఈసారి మొదటి బస్సు ఎక్కాను. ఎల్‌బీ నగర్ చౌరస్తా అప్పటికింకా ఖాళీగా ఉంది. ఆరూ నలభైకి పొలం గేటు దాటాను.

బాలమణి మడిని ఊడ్చి, పక్కన బకెట్ పెట్టుకుని చెంబుతో నీళ్లు చల్లుతోంది. నన్ను చూసి చెంబు దించింది.

"ఏంది మేడం, గింత పొద్దుగాల? ఫోన్ చేస్తే ఛాయ్ పెడుదును గదా."

నీళ్లెందుకని అడిగాను.

"మీరే చెప్తిరి గదా, మడి ఇంటి ముంగట లెక్క ఉండాలని. ఊడిస్తే దుమ్ము లేస్తది, థర్మామీటర్ల మీద పడ్తది. గందుకే వాకిట్ల సాన్పి జల్లినట్టు రోజూ ఒక బకెట్ జల్లుతున్న. ముగ్గొక్కటే ఎయ్యలే."

నేను బకెట్ వైపే చూస్తున్నాను. అది పద్నాలుగు లీటర్లది. చదరపు మీటరుకు ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వాన. రెండు చదరపు మీటర్లకు పద్నాలుగు లీటర్లంటే ఏడు మిల్లీమీటర్లు. ఆ మడిలో రోజూ ఏడు మిల్లీమీటర్ల వాన పడుతోంది, పది అడుగుల దూరంలో ఉన్న వానమాపకంలో సున్నా. తడి ఆరుతూ నేల వేడిని లాగేస్తుంది. మధ్యాహ్నానికి పైపొర ఎండి మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి నాకెప్పుడూ అనుమానం రాలేదు.

ఏడూ పదహారుకు ఆమె రీడింగు తీసింది. మోకాళ్ల మీద వంగి, ముందు దశాంశం, తర్వాత డిగ్రీ. తప్పు పట్టడానికేమీ లేదు. పుస్తకం మూశాక అడిగింది.

"తప్పాయెనా మేడం? తీసేస్తరా?"

"రీడింగులు సరిగ్గానే తీశావు. నీళ్ల సంగతి నేను రాస్తాను. రేపటి నుంచి చల్లకు."

తిరుగు బస్సులో నా డైరీ తీశాను. ఫిబ్రవరి 4, సోమవారం: 'ఇన్‌స్పెక్షన్ రావచ్చు. మడి ఇంటి ముంగిలిలా ఉంచమని బాలమణికి ఫోన్.' శుభ్రంగా ఉంచమని నా ఉద్దేశం. ఆమె ఇంట్లో ముంగిలి శుభ్రం కావడమంటే నీళ్లు చల్లడమే. నీళ్లు పోయకూడదన్న నియమం నాకు తెలుసు. ఆమెకు ఎనిమిదేళ్లలో నేనే చెప్పలేదు.

సుధీర్ ఇదంతా విని, "రోజూ వాన పడుతోందని నా మోడల్‌కి ఎవరు చెబుతారండీ," అని తనే నవ్వి, ఆ రోజులన్నిటికీ ఏడు మిల్లీమీటర్లు పెట్టి మళ్లీ నడిపాడు. తేడా అర డిగ్రీకి వచ్చింది. అటు పొలంలో 14 నుంచి నీళ్లు ఆపాక నేల ఎండి, ఆరో రోజుకు రీడింగు మోడల్ అసలు లెక్కతో కలిసింది. నోటును అతనే చించేశాడు.

25న నేను నివేదిక రాశాను. ముప్పై ఏడు రోజులు, రోజుకు మూడు చొప్పున నూట పదకొండు మధ్యాహ్నపు రీడింగులు. కొట్టివేయలేదు. ప్రతిదాని పక్కన ఎర్ర సిరాతో 'నీరు చల్లిన మడి' అని రాశాను. కారణం దగ్గర నా ఫోన్, దాని తేదీ రాశాను. దుమ్ముకు నీళ్లు చల్లారంటే చాలు కదా, ఎవరు చెప్పారో ఎందుకని డైరెక్టర్ గారు సలహా ఇచ్చారు. ఆ వాక్యం లేకపోతే తప్పు బాలమణిది అవుతుందని చెప్పి ఉంచాను. దానికి నాకు మెమో ఇచ్చారు. నా సర్వీసులో మొదటి మెమో, చివరి మెమో కూడా, అదే. ఏప్రిల్ 1న ఆమె కాంట్రాక్టు మళ్లీ రాశారు.

ఆ ఏడాది నుంచి రిజిస్టర్‌లో ఒక గడి పెంచాం: పై నుంచి వచ్చిన ఆదేశం, ఇచ్చినవారి సంతకం. మోడల్‌కూ కొలతకూ తేడా వస్తే రెంటిలో ఏది అబద్ధమని అడుగుతాం. నాకు తెలిసింది, రెండూ నిజమే చెబుతుండవచ్చు. కొలిచిన చోటికి, కొలిచే వేళకు వెళ్లి చూడాలి. కొలిచేవాళ్లకు మనం ఏం చెప్పామో కూడా కొలతతో పాటే రాసి ఉండాలి.