ముక్కుపుడక రాయి

మా నాయన గనుల్లో బంగారం కరిగించే చోట పనిచేసేవాడు. రోజంతా బంగారం పోత పోసిన మనిషి ఇంటికి తెచ్చింది వేళ్ళకంటిన నలుపొక్కటే. బంగారం కరిగే గ్రాఫైటు మూసల నలుపు అది, సబ్బుకు లొంగేది కాదు. గేటు దగ్గర గోళ్ళ సందులు కూడా చూసి పంపేవాళ్ళు. అరిగిపోయిన మూసను సైతం పారేయకుండా దంచి, అందులో ఇంకిన బంగారాన్ని రాబట్టేవాళ్ళు.

"బూడిదలో పడినా బంగారం యాడికీ పోదు" అనేవాడు నాయన.

"అవునవును, మన ఇంటికి మాత్రం రాదు" అని దెప్పేది అమ్మ, ఆయన తువ్వాలు ఉతుకుతూ.

ఆమెకు ఆయన కొనిచ్చిన నగ ఒక్కటే, ఒంటిరాయి వజ్రపు ముక్కుపుడక. పోయేముందు అమ్మ రెండు మాటలు చెప్పిందట. ముక్కుపుడకతోనే తనను సాగనంపాలి. ఆ తర్వాత దాన్ని నేను పెట్టుకోవాలి. ఇంకొకరైతే ఇదెలా కుదురుతుందనేవాళ్ళు. మా నాయన సరేనన్నాడు. కాటి దగ్గర పెద్దలు తీసేయమన్నా తీయనివ్వలేదట. పరీక్ష పేపర్లు దిద్దడానికి బెంగళూరు వెళ్ళిన నేను వచ్చేసరికి చితి మండుతూ ఉంది.

అస్థులు ఏరే రోజు నాయనతో నేనూ వెళ్ళాను. గనులు అప్పటికే మూతపడ్డాయి. పెద్దలు ఎముకలు కుండలో వేసుకుని పక్కకు జరిగాక, ఆయన బేసిన్‌లో నీళ్ళు పట్టి, బూడిదను కొంచెం కొంచెంగా కడగడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆవగింజంత బంగారపు పూస అడుగున మిగిలింది. ఆయన మొహం విప్పారింది.

"చూసినావామ్మా? ఇంగ రాయి ఉండాది. నిప్పు దాన్నేం చేస్తాది?"

కామసముద్రం బడిలో ఏటా నేను చెప్పే పాఠమే అది. ఒకటే కార్బను. పొరలు పొరలుగా జారితే గ్రాఫైటు, అందుకే వేళ్ళకు అంటుతుంది. నాలుగు వైపులా బిగిసిపోతే వజ్రం, దేనికీ గీత పడదు. గీత పడనిది కాలదని మాత్రం కాదు. ఆ పాఠం మీదే నాకు కోపం వచ్చింది. ఎండెక్కింది. కడిగిన బూడిదనే ఆయన మళ్ళీ కడుగుతున్నాడు. ఇక చూడలేకపోయాను.

"నాయనా, వజ్రం కూడా బొగ్గే. మంటలో కాలిపోయుంటాది."

"మూస కూడా బొగ్గే అని అప్పుడెప్పుడో అంటివే. అది కాల్లేదే?"

"అదీ కాలతాది, కొంచెం కొంచెంగా."

ఆయన చేతులు ఆగిపోయాయి. "అవునమ్మా. అంచు పల్చబడతా వచ్చేది" అన్నాడు. నేను ఏడుస్తున్నాను.

"కాలితే, మసైనా మిగలాల గదా. యాడికి పోయింది?"

"గాల్లో కలిసిపోయింది నాయనా."

ఆయన లేచి నిలబడ్డాడు. చితి మీదుగా వీస్తున్న గాలికి ఎదురు తిరిగి, గుండెల నిండా ఊపిరి పీల్చాడు. పొగలు మింగిన ఛాతీ, వెంటనే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆ ఊపిరి బయటికి పోకుండా, నల్లటి చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాడు.