పదకొండో నంబరు భార్య

పేసరో ఊళ్ళో ఎవరైనా పోతే మర్నాటికి వాళ్ళ పేరు గోడల మీదికి వస్తుంది. నల్ల అంచు కాగితం, పేరు, చర్చిలో ప్రార్థన వేళ. సముద్రపు గాలికి నాలుగు రోజులు రెపరెపలాడి ఐదో రోజు ఊడిపోతుంది.

లెయార్కో తన భార్య నీవెస్ కాగితాన్ని రొట్టెల దుకాణం పక్క గోడ మీద చూశాడు. 'మన పదకొండో నంబరు భార్య' అని పెద్ద అక్షరాలు. వాటి కింద, వెతికితే, నలభై రెండేళ్ళు తనతో కాపురం చేసిన మనిషి పేరు.

ఏడుపు రాలేదు. నిన్న ఆసుపత్రిలోనూ రాలేదు. మోకాలికి మత్తు సూదిమందు పొడిపించుకుని, పదకొండో నంబరు చొక్కాతో బాస్కెట్‌బాల్ ఆడిన రోజుల్లో ఆ కాలు తనది కానట్టుండేది. ఇప్పుడు ఒళ్ళంతా అలాగే ఉంది.

నేరుగా ఆ కాగితం అచ్చేసిన ప్రెస్సుకు వెళ్ళాడు.

"ఒరేయ్ వాల్టర్, ఆమె పేరేదిరా?"

"కిందే ఉంది కదా, కెప్టెన్!"

"చీమ తలకాయంత ఉంది."

"మీ నంబరు లేకపోతే జనం ఎలా వస్తారు? నీవెస్ అంటే ఎవరికి తెలుసు?" అనేసి వాల్టర్ నాలుక కరుచుకున్నాడు.

"బాలబడిలో నీకు సూప్ పోసిందెవరు?"

వాల్టర్ కళ్ళద్దాలు తీశాడు. "పాలకూర వదిలేస్తే ముక్కు పిండేది, ఆవిడా? మీ ఆవిడేనా? ఒక్కనాడూ చెప్పలేదే!"

చెప్పేది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ బాలబడి వంటగదిలో ఆమె ఉత్త నీవెస్. సాయంత్రం అతనితో వీధిలోకి వస్తేనే పదకొండో నంబరు భార్య. అతను ఆట మానేసి ముప్పై ఏళ్ళయినా అడగకముందే బల్ల మీదికి కాఫీ వచ్చేది, భుజం మీద ఎవరిదో చెయ్యి పడేది. "అమ్మా, కాస్త ఫోటో తీసిపెడతారా?" అని కెమెరా ఆమెకే ఇచ్చేవాళ్ళు. ఊళ్ళో సగం ఇళ్ళ గోడల మీద అతను నవ్వుతున్నాడు. ఆ నవ్వులన్నీ ఆమె వైపు చూసి నవ్వినవే. ఆమె మాత్రం ఒక్క దాంట్లోనూ లేదు.

"ఈ ఒక్క పూటా తన పేరుతో వెళ్ళనీరా," అన్నాడు లెయార్కో.

మధ్యాహ్నానికి పాత కాగితాల మీద కొత్తవి పడ్డాయి. నీవెస్. అంతే.

అయినా జనం వచ్చారు. శవపెట్టె చర్చి గుమ్మం దాటి బయటికి రాగానే, ఆ ఊరి అలవాటు ప్రకారం చప్పట్లు మొదలయ్యాయి. మెత్తగా, వాన మొదలైనట్టు. ఇవి ఆమెవి, అనుకున్నాడు లెయార్కో.

అంతలో వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "పదకొండు! పదకొండు!" మెట్ల నిండా పాకింది. పాత అభిమానుల ఎర్ర మఫ్లర్లు లేచాయి.

"ఊరుకోండయ్యా! ఈ పూట ఆవిడది!" వాల్టర్ అరుపు ఎవరికీ వినపడలేదు.

ఒక్క మాట అంటే చాలు. ఆమె పేరు. లెయార్కో నోరు తెరుచుకోలేదు. కుడిచెయ్యి మాత్రం లేచింది, బంతి బుట్టలో పడ్డ ప్రతిసారీ పద్దెనిమిదేళ్ళు లేచినట్టే. జనం హోరెత్తారు.

అతను ఆ చేతిని చూశాడు. ఎవరిదో అనుకున్నాడు. దించమని చెప్పాలనిపించింది. పెట్టె బండిలోకి ఎక్కి తలుపు పడేదాకా అది గాల్లోనే ఉంది.