ఆముదం బండి

పాత మోటారు సైకిళ్ళకి ధర కట్టడం నా పని. దీన్ని పని అంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. కుర్రతనంలో మట్టి ట్రాకుల మీద పందేలు తోలాను, మోకాలు పోయింది. తర్వాత విశాఖపట్నంలో మెకానిక్ షెడ్డు పెట్టాను, అదీ పోయింది. ఇప్పుడు పాత బళ్ళు పోగేసే పిచ్చి ఉన్న డబ్బున్నవాళ్ళు ఫోన్ చేస్తే వెళ్తాను, చూస్తాను, రెండు ముక్కలు చెప్తాను. బండి ఎంత పలుకుతుంది, ఇంకా పరిగెత్తుతుందా లేదా. అమ్మేవాళ్ళ మొహం చూసి నా మాట మారదు, కొనేవాళ్ళ మొహం చూసీ మారదు. నా దగ్గర మిగిలిన ఆస్తి అదొక్కటే కాబట్టి దాన్ని కాస్త గట్టిగానే పట్టుకుని తిరుగుతాను.

పోయిన చలికాలంలో అరకు రోడ్డు మీద రిసార్టు నడిపే ఒకాయన ఫోన్ చేశాడు. పెదబయలు దాటాక లోపల ఒక కొండ ఊళ్ళో పాత ఫారిన్ బండి ఉందట. దాన్ని కొని, రిసెప్షన్‌లో గాజు పెట్టె కట్టించి అందులో నిలబెడతాడట. "వచ్చినవాళ్ళు దాని పక్కన ఫొటోలు దిగాలి," అన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. ఎక్కడైనా కోత పడినా, వెల్డింగ్ పడినా వద్దే వద్దు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరిదీ అదే మాట. తుప్పు పట్టినా పరవాలేదు, బాగుచేస్తే మాత్రం చెడిపోయినట్టు లెక్క.

నేను వెళ్ళేసరికి మంచు ఇంకా విడవలేదు. ఇంటి ముందు టార్పాలిన్ మీద కాఫీ పళ్ళు ఎండబోసి ఉన్నాయి. ఆ ఇంట్లో అన్నా చెల్లెలూ ఉంటారు. అన్నకి నలభై దాటాయి, కాఫీ తోట, మిరియాల తీగలు చూసుకుంటాడు. చెల్లెలు అతనికన్నా బాగా చిన్నది, కొండ అవతలి ఊళ్ళో టీచరు. వాళ్ళ నాన్న చర్చిలో ఉపదేశి, కొండ ఊళ్ళన్నీ తిరిగి ప్రార్థనలు జరిపించేవాడు. తన దేశానికి వెళ్ళిపోతూ ఒక ఫాదరు ఆయనకిచ్చిన బండి అది. వాళ్ళ నాన్న పోయి ఏడాది అయింది.

"సూడండి బాబూ," అన్నాడు అన్న, నేను టీ గ్లాసు కింద పెట్టకముందే. "మాలో మాకు ఒప్పందం ఉంది. బండిని ఆ రిసార్టాయన కొంటాడంటే అమ్మీడమే. కాఫీ పళ్ళకి తొక్క తీసే మిషను కొంటాను. కొనడంటే సెల్లి ఉంచుకుంటాది. మీరేటి సెప్తే అదే. మాట అనీసినాను, తిరగను."

"నాకూ ఇట్టమే," అంది చెల్లెలు. అంటున్నప్పుడు ఆమె మా ఇద్దరి వైపూ చూడలేదు, బండి వైపు చూసింది.

నాకు చిరాకేసింది. ధర కట్టమంటే కడతాను గానీ, అన్నాచెల్లెళ్ళ మధ్య పెద్దమనిషిగా కూర్చోవడానికి నేను ఘాట్ రోడ్డు ఎక్కి రాలేదు. అన్న కోరికలో తప్పేమీ లేదు. మిషను లేక పళ్ళని తొక్కతోనే ఎండబెట్టి అమ్ముకుంటున్నాడు, దానికి రేటు తక్కువ. చెల్లెలికి ఏం కావాలో కూడా అతనే చెప్పాడు. వచ్చే నెల అరకు దగ్గర కోసిన చోడి చేలల్లో, అంటే రాగి చేలల్లో, మట్టి పందేలున్నాయి. "దీనికి ఆ పిచ్చి. ఈ బండి మీదే తోల్తాదంట. పేరు కూడా ఇచ్చీసింది," అన్నాడు. సరే, నాకేం సంబంధం అనుకుని పెట్టె తెరిచి పనిముట్లు తీశాను.

బండి పేరు రాయను. రాస్తే ఆ ఊరి మీద జనం పడతారు. సన్నటి ట్యాంకు, పొడుగాటి ముందు చక్రం, గుబ్బల టైర్లు, టూ స్ట్రోక్ ఇంజను. ఫ్రేము మీద నంబరు, ఇంజను మీద నంబరు చూశాను. ఎవరూ గీకలేదు, మార్చలేదు. హ్యాండిల్ మెడ కింద కిరసనాయిల్ గుడ్డతో తుడిచాను. గట్ల మీంచి దూకిన బండికి మొదట అక్కడే పగులుతుంది, దొంగ వెల్డింగ్ దొరికేదీ అక్కడే. ఏమీ లేదు. వెనక చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ గుంజాను. బుష్షులు అరిగాయి, అది పెద్ద రోగం కాదు. రంగు వెలిసింది గానీ మొదటి రంగే. సైలెన్సర్ దగ్గరికొచ్చి ఆగిపోయాను. ఇలాంటి బళ్ళకి అది ఎప్పుడో రాళ్ళకి తగిలి పోతుంది, జనం ఏది దొరికితే అది తగిలిస్తారు. దీనికి మాత్రం పుట్టినప్పటిదే ఉంది, కంపెనీ ముద్రతో సహా. అలాంటిదాన్ని నేను అంతవరకు ఫొటోల్లోనే చూశాను.

"ఏటి సార్, దాన్నే సూత్తన్నారు?" అంది చెల్లెలు.

"ఈ బండికి ధర పలికేది దీనివల్లేనమ్మా. ఇది ఇలా ఉంది కాబట్టే ఆయన కొంటాడు," అన్నాను. తెలిసింది చెప్పకుండా ఉండలేకపోవడం నాకున్న జబ్బు. అది నయం కాదని మా ఆవిడ అంటూంటుంది.

ప్లగ్గు విప్పేసరికి ముక్కుకి తెలిసిన వాసన తగిలింది. వేలితో తీసి చూస్తే జిగట. చిన్నప్పుడు మా అమ్మమ్మ నా నడినెత్తిన పెట్టి మర్దనా చేసిన వాసన.

"ఇది ఆముదం కదూ?"

"అవును సార్. మన ఇంట్లో వండిందే," అంది, పాలు మన ఇంటి పాలే అన్నంత మామూలుగా. "ఆ రోజుల్లో పెట్రోల్లో కలిపే టూటీ ఆయిలు ఇక్కడెక్కడ దొరుకుద్ది. ఆముదం కలపమని ఫాదరే సెప్పినాడంట. నాన్న కలిపీవోడు, నేనూ కలుపుతన్నాను. సలికాలం మాత్రం పెట్రోల్లో కలవదు, అడుక్కి దిగిపోద్ది. పొద్దున్నే ఇలగ ఊపాలి." బండిని నడుముకి ఆనించుకుని, హ్యాండిల్ పట్టుకుని, ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఊపి చూపించింది. ట్యాంకులో పెట్రోలు గలగలమంది.

నవ్వాపుకోలేకపోయాను. ఇంజను అయిపోయిందనుకుని హెడ్డు విప్పాను. నవ్వు అక్కడే పోయింది. సిలిండర్ గోడ మీద ఒక్క గీత లేదు. పూర్వం పందెగాళ్ళు ఆముదమే వాడేవారని నాకు పని నేర్పిన మేస్త్రీ చెబితే కోతలు కోస్తున్నాడనుకునేవాణ్ణి. ఆముదం ఎంత వేడికైనా పిస్టన్‌ని వదలదు, అది నిజమే. కాకపోతే దాని మసి బంకలా ఉంటుంది. ఆ బంక ఎక్కడో ఒకచోట చేరాలి కదా.

ఎక్కడ చేరిందో తోలితే తెలిసింది. హెడ్డు బిగించి, తోట పక్క ఎర్రమట్టి దారిలో పైకి తోలాను. కింది గేర్లలో పొగరుగా లాగింది. మూడో గేరులో ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా అంతే. దిగి వచ్చి ఆమెని తోలమన్నాను. నాన్నకి కీళ్ళు పట్టేశాక ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని ఊళ్ళు తిప్పింది ఈమేనట. అన్న సైకిల్ తప్ప ఏదీ నేర్చుకోలేదట. ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడి, మోకాళ్ళతో ట్యాంకుని పట్టి, వానకి కోసుకుపోయిన గాడిలోకి కావాలనే చక్రం దింపి, దాని అంచు మీంచి మలుపు తిప్పింది. బండి లాగని చోట క్లచ్చు నొక్కి వదిలి ముందుకి నెట్టుకెళ్ళింది. నాకది వచ్చేసరికి ఒక ఎముక విరిగింది. నిజం చెప్పాలంటే అసూయ వేసింది.

"మూడో గేరులో కట్టేస్తాది కదేటి సార్," అంది బండి ఆపి. "ఎందుకలాగ?"

"సైలెన్సర్ పూడిపోయింది. మీ ఆముదం ఇంజన్ని కాపాడింది, పొగగొట్టాన్ని పూడ్చేసింది."

"కడిగితే పోదా?"

"ఇన్నేళ్ళ బంక, రాయి అయిపోయింది. తోక కోసి లోపలి గొట్టం బయటికి లాగాలి."

"లాగితే పరుగెడతాదా?"

"పరుగెడుతుంది. కానీ కోశాక కొనేవాడు ఉండడు."

"ఏ కాడికి కొయ్యాలి సార్?" అని అడిగింది. తోక అతుకు దగ్గర గోటితో గీసి చూపించాను. చెప్పాను కదా, జబ్బు.

అన్న భోజనానికి పిలిచాడు. తిన్నాక ఇద్దరి ముందూ నా మాట చెప్తానని అన్నాను. వాళ్ళ వంటింట్లో పీట మీద కూర్చుని చోడి అంబలి తాగుతున్నాను. అన్న మిషను గురించి చెబుతున్నాడు. అది చేత్తో తిప్పేదట, కరెంటు అక్కర్లేదట, పక్క ఊరి వాళ్ళవి కూడా తొక్క తీసి ఇవ్వొచ్చట. మాట్లాడుతుంటే అతని మొహం వెలిగింది. ఇతనికి మంచి ధరే చెప్పబోతున్నానని నాకూ బాగానే ఉంది. అంతలో బయట గరగరమని చప్పుడు మొదలైంది.

"ఏటది?" అన్నాడు అన్న.

ఇనుము కోసే యాక్సా బ్లేడు పల్చటి రేకు మీద నడిచే చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. బ్లేడు నా పెట్టెలోదే. అయినా నేను అంబలి గ్లాసు దించలేదు. ధర కట్టేవాడు బండిని కాపలా కాయడని నాకు నేను చెప్పుకున్నాను. అతనే లేచి వెళ్ళాడు. నేను గ్లాసు ఖాళీ చేసి అతని వెనకే వెళ్ళాను.

ఆమె బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. సైలెన్సర్ తోక నేల మీద పడి ఉంది. లోపలి గొట్టాన్ని పట్టకారుతో లాగుతోంది. అది ఒక్కసారిగా ఊడి వచ్చి, నల్లటి బొగ్గు పెళ్ళలు ఆమె ఒళ్ళో రాలాయి.

"నీకు మతి పోయిందేటి?" అన్నాడు అన్న. గొంతు పెద్దది చెయ్యలేదు.

"సారు మాట సెప్పీసినాక దీని మీద నాకు అక్కు ఉండదు. అందుకే బేగి కోసీసినాను." ఆమె లేచి నిలబడింది. "మిషను సంగతి నాది అన్నయ్యా. నా జీతంలో కొందాం, వచ్చే పంటకి ఉంటాది. ఆళ్ళు దీన్ని గాజు పెట్టిలో పెడతారంట. నాన్నని ఒకసారి పెట్టిలో పెట్టినాం. సాలు."

అన్న ఆ తోక ముక్కని తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. దాన్ని మళ్ళీ గొట్టానికి ఆనించి చూశాడు. "అతికిత్తే పనికిరాదా బాబూ?" అని నన్నడిగాడు.

"అతికినట్టు తెలుస్తుంది. ఆయన తీసుకోడు."

నేను చెప్పింది నిజం. అయినా అతని మొహం చూస్తే జాలేసింది. అమ్మేవాళ్ళ మొహాలు చూడకూడదన్న నియమం ఎందుకు పెట్టుకున్నానో ఆ పూట నాకు బాగా తెలిసింది. చెల్లెలు బండిని ఊపింది, ఎక్కింది, కిక్ కొట్టింది. ఆ మోతకి ఎండబోసిన పళ్ళ దగ్గర కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. ఎర్రమట్టి దారిలో పైకి వెళ్ళింది. మూడో గేరు వేసింది. బండి ఆగలేదు. నాలుగులోకి వెళ్ళింది, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య మలుపు తిరిగి కనపడకుండా పోయింది. ఇది పందేనికి పనికొస్తుంది అనుకున్నాను. సంతోషం వేసింది. నా పనిలో అలా అనిపించడం మంచిది కాదు.

ఆమె తిరిగొచ్చి బండి ఆపేసరికి నా ఫోన్ మోగింది. రిసార్టాయన. ఆ కొండ మీద సిగ్నల్ ఉండదని ఎవరో చెప్పారు గానీ, ఇలాంటప్పుడు మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. ఆయన గొంతు పెద్దది, ముగ్గురికీ వినిపిస్తోంది.

"ఏమయ్యా, చూశావా? ఎంతిమ్మంటావు?"

"వద్దు సార్. కోత పడింది. సైలెన్సర్ తోక కోసేశారు."

"అయ్యో, అంత బండిని. ఎవడయ్యా కోసింది?"

ఆమె హ్యాండిల్ వదలకుండా నన్నే చూస్తోంది. అన్న తోక ముక్క పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు.

"బండి ఓనరే సార్," అన్నాను.

ఆమె తల తిప్పి అన్న వైపు చూసింది. అతను కాదనలేదు.