పెన్ను మీద మా ఊరి పేరు

జనగామల మా ఇంటెనుక రేకుల షెడ్డుల నేను, మా ఆయన ఇంకుపెన్నులు చేస్తం. నల్లటి కడ్డీని లేత్ మిషన్ మీద చెక్కుడు ఆయన పని. మూతకు మరలు తీసుడు, మెరుగు పెట్టుడు నాది. పట్నం కంపెనీ ఒకటి వాటిని పేరు లేకుంటనే కొనుక్కపోయేది. తర్వాత వాటినేం చేస్తున్నరో మేమెన్నడు అడగలే.

పోయినేడు భూపాలపల్లిల మా చెల్లె ఇంటికి పోయిన. మరిది ఓ డబ్బీ తెరిచి చూపెట్టిండు.

“వదినా, ఫారిన్ పెన్ను. ఆఫీసుల బహుమానమిచ్చిన్రు.”

మూత తిప్పంగనే నా చెయ్యి గుర్తువట్టింది. మీద మాత్రం బంగారు రంగుల ఏదో ఇంగ్లీషు పేరున్నది.

“గిది నేను చేసిందే” అన్న.

మరిది పగలబడి నవ్విండు. “జనగామల గిసొంటివి ఎవలు చేస్తరొదినా?”

బస్సుల వస్తున్నంతసేపు ఆ నవ్వే యాదికొచ్చింది. ఇంటికొచ్చినంక, కొత్త సరుకుల ప్రతి పెన్ను మీద ‘జనగామ’ అని తెలుగుల చెక్కిన. మా ఆయన భయపడ్డడు గని ఆపలే.

కంపెనీ మనిషి చూసి ఎగిరిండు. “ఈ పేరు ఎవరు పెట్టమన్నారు?”

“చేసినోళ్లం మేము. మరి మీ పేరెట్ల పెడుతున్నరు?” అన్న.

సరుకు ఆడనే ఇడిసిపెట్టి పోయిండు, మళ్ల రాలే. ఇప్పుడు మహబూబాబాద్ బడులల్ల మేమే తిరిగి అమ్ముకుంటున్నం. జర కష్టంగనే ఉన్నది.

మొన్న ఓ పంతులమ్మ, “ఇంగ్లీషు పేరుంటే ఎక్కువ అమ్ముడువోతయి గదా అక్కా” అన్నది.

“పోకుంటే పోకపాయె. ఆ పేరు మాత్రం నేను చెక్కను” అన్న.

ఆమె నవ్వి రెండు కొనుక్కున్నది.