డ్రైవరు భార్య చెప్పిన మాట

మా పెద్దమ్మ ప్రభుత్వాసుపత్రి కుట్టుగదిలో పనిచేసేది. వార్డుల్లో చిరిగిన దుప్పట్లకు మాసికలు వేయడం, ఆపరేషను గౌన్లకు తెగిన నాడాలు కుట్టడం, దిండు గలీబులు కత్తిరించడం ఆమె పని. ఆ గది నేలమాళిగలో ఉండేది. పక్కనే బట్టలుతికే హాలు కావడంతో గోడలు ఎప్పుడూ వెచ్చగా, చెమ్మగా ఉండేవి. మా అమ్మ పోయాక నన్ను తెచ్చుకుని పెంచింది ఆవిడే. బడి వదిలాక నేను ఆ గదిలోనే, ఉతికిన దుప్పట్ల దొంతరకు ఆనుకుని పాఠాలు చదువుకునేదాన్ని.

పెదనాన్న డ్రైవరు. ఆయన నడిపింది పెద్దాయన కారు. దేశంలో అందరూ ఆ నాయకుణ్ణి అలాగే పిలిచేవారు. ఎవరికీ తెలియని చిన్న పట్టణంలో ఆయన కౌన్సిలు సభ్యుడిగా ఉన్నప్పుడే పెదనాన్న ఆ స్టీరింగు పట్టుకున్నాడు. ఆయన రహదారుల మంత్రి అయినా, పార్టీకి పెద్ద దిక్కు అయినా డ్రైవరును మార్చలేదు. వెనక సీటులో కూర్చోవడం పెద్దాయనకు నచ్చదు. ముందు సీటులో, పెదనాన్న పక్కనే కూర్చుని రోడ్డు చూస్తూ కబుర్లు చెప్పేవాడు.

పెద్దమ్మకు దేవుడంటే అపారమైన నమ్మకం. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి భర్త కోసం, అతను నడిపే బండి కోసం, అందులో కూర్చునే పెద్దాయన కోసం కలిపి ప్రార్థన చేసేది. పెదనాన్న బూట్లు తుడుచుకుంటూ ఆటపట్టించేవాడు.

"దేవుడు చూసుకుంటాడులే అని నేను కళ్ళు మూసుకుంటే ఊరుకుంటావా? ఆయన పని ఆయన్ని చేసుకోనీ. బ్రేకు సంగతి నేను చూసుకుంటా."

"మీ నోటికి అడ్డూ ఆపూ లేదు," అని ఆవిడ విసుక్కునేది. ఆయన గడప దాటాక మళ్ళీ ఒకసారి కళ్ళు మూసుకునేది.

దేశంలో అతి పెద్ద పదవికి పెద్దాయన పోటీ చేసిన ఏడాది వానలు ముందే మొదలయ్యాయి. ప్రచారం చివరి వారంలో ఒక ఊళ్ళో సభ ముగిశాక, అక్కడి మందిరం గురువుగారు పెద్దాయన్ని కలిసి, దారిలో తనతో కలిసి ప్రార్థన చేయమని అడిగారు. కాదనలేక పెద్దాయన వెనక కారులో, గురువుగారి పక్కన కూర్చున్నాడు. పెదనాన్న ఖాళీ కారుతో ముందు వెళ్ళాడు. ఊరి బయట నది మీద వంతెన ఉంది. పెద్దాయన రహదారుల మంత్రిగా ఉన్నప్పుడు కట్టించినదే. ముందు కారు నడిమధ్యకు చేరగానే ఆ వంతెన కూలింది. వెనక కారు అంచున ఆగిపోయింది. పెదనాన్న శవం మర్నాడు గానీ దొరకలేదు.

ఆ సాయంత్రమే పెద్దాయన తడి బట్టలతో టీవీ ముందు నిలబడి మాట్లాడాడు. "ఎప్పుడూ ముందు సీటులో కూర్చునేవాణ్ణి. ఇవాళ దేవుడు నన్ను చెయ్యి పట్టుకుని దింపాడు. ఈ దేశంతో నాకింకా పని ఉందని చెప్పాడు." ఆ గొంతులో నటన లేదు. చూసిన ప్రతివాడికీ ఒళ్ళు జలదరించింది. మర్నాటికల్లా ఆ మాట గోడలకెక్కింది, పాటయింది. వంతెన ఎందుకు కూలిందని అడిగినవాళ్ళూ లేకపోలేదు. దేవుడి మహిమ కళ్ళెదుట కనబడుతుంటే సిమెంటు గురించి మాట్లాడతారేమిటని జనమే వాళ్ళ నోళ్ళు మూయించారు. పెద్దాయన ఎన్నడూ లేనంత మెజారిటీతో గెలిచాడు.

అంత్యక్రియలైన రెండో రోజు ఆయన మా ఇంటికి వచ్చాడు. వెంట వచ్చినవాళ్ళను వీధిలోనే ఆపి, ఒక్కడే లోపలికొచ్చి, మా వంటింటి పీట మీద కూర్చున్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"అమ్మా, నా చావు మీ ఆయన తీసుకున్నాడు. దేవుడు ఆ పనికి వేరే ఎవర్నీ నమ్మలేదు."

అప్పటిదాకా పెద్దమ్మ అన్నం ముట్టలేదు. ఆ మాట విన్నాక లేచి మొహం కడుక్కుంది. మునిగిపోతున్న మనిషికి గట్టు దొరికినట్టు ఆ మాట దొరికింది ఆవిడకు. భర్త ఏదో గుంతలో పడిపోయినవాడు కాదు, దేవుడు పని మీద పంపినవాడు. అలా అనుకుంటే ఊపిరి ఆడేది.

తర్వాత ఆవిణ్ణి సభలకు పిలవడం మొదలుపెట్టారు. వెళ్ళేది. వేదిక మీద ముందు వరుసలో కూర్చోబెట్టి మైకు ఇచ్చేవారు. ఉపన్యాసాలు ఆవిడకు రావు. ఒకటే మాట చెప్పేది: "దేవుడు ఒకర్ని తీసుకుని ఒకర్ని ఉంచాడు. తీసుకున్నది నా భర్తని. ఉంచింది మీ కోసం." జనం గొల్లుమనేవారు. ఆడవాళ్ళు వచ్చి ఆవిడ చేతులు కళ్ళకద్దుకునేవారు. మర్నాడు ఆవిడ మళ్ళీ కుట్టుగదిలో దుప్పటి అంచు మడుస్తూ కూర్చునేది.

ఒకసారి సభ నుంచి వస్తూ బస్సులో అడిగాను. "పెద్దమ్మా, నువ్వు నిజంగా అలాగే అనుకుంటున్నావా?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. "అనుకోకపోతే ఇంకేమనుకోమంటావే?"

కొన్నేళ్ళు గడిచాయి. నేను అదే ఆసుపత్రిలో మందులిచ్చే కౌంటరులో ఉద్యోగంలో చేరాను. ఒక మధ్యాహ్నం, ఊరికి అవతల మరో వంతెన కూలింది. మొదటి వంతెన కట్టిన రోజుల్లోనే, ఆ మనుషులే కట్టినది. ఈసారి దాని మీద ఉన్నది నిండు బస్సు.

అందర్నీ మా ఆసుపత్రికే తెచ్చారు. వార్డులు చాలక వరండాల్లో పడుకోబెట్టారు. దుప్పట్లు చాలలేదు. మాసికల కోసం పక్కన పెట్టిన పాతవి కూడా పైకి పంపమని కబురొచ్చింది. మోసేవాళ్ళు దొరక్క పెద్దమ్మే చేతుల నిండా దుప్పట్లు తీసుకుని మెట్లెక్కింది. వరండా చివర, ప్రాణం పోయినవాళ్ళను పడుకోబెట్టిన చోట, నర్సు ఒక్కొక్కరి మీదా కప్పుతుంటే ఆవిడ అందిస్తూ వెళ్ళింది.

సాయంత్రం పెద్దాయన వచ్చాడు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడు. ప్రతి మంచం దగ్గరా ఆగాడు, ప్రతి తల్లి భుజం మీదా చెయ్యి వేశాడు. "దేవుడి చిత్తం మనకు అర్థం కాదమ్మా. ఆయన లెక్క ఆయనకుంటుంది," అన్నాడు. ఆయన వెళ్ళాక రొట్టెల దుకాణంలో పనిచేసే ఒకావిడ గోడ వారగా కూర్చుని ఉండిపోయింది. ఆవిడ కూతురు, నర్సింగు చదువుకుంటున్న పిల్ల, ఆ బస్సులో ఉంది. తల్లి చేతులకు పిండి ఇంకా ఎండి అంటుకునే ఉంది. కబురు విని పనిలోంచి అలాగే పరిగెత్తుకొచ్చింది.

పెద్దమ్మ ఆవిడ దగ్గరకు వెళ్ళి మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. ఆవిడ తలెత్తి, గుర్తుపట్టింది.

"మీరు ఆ డ్రైవరు గారి భార్య కదూ? టీవీలో చూశాను. మీ ఆయన పోయింది పెద్దాయన కోసం అని చెప్తారు."

పెద్దమ్మ తల ఊపింది.

"మరి మా పిల్ల ఎవరి కోసం పోయింది? మీకు తెలుసేమో చెప్పండి."

ఆవిడ కోపంగా అడగలేదు. దారి తెలియక అడిగినట్టు అడిగింది. పెద్దమ్మ ఆవిడ పక్కనే నేల మీద చతికిలబడింది. నేను వెళ్ళి లేవదీసేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

ఆ తర్వాత పెద్దమ్మ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడేది గానీ పెదాలు కదిలేవి కావు. ఒకరోజు తనంతట తనే అంది. "ఇద్దరి కోసమూ ఒకే ప్రార్థనలో అడిగానే. ఒకర్ని కాపాడి ఒకర్ని వదిలేశాడంటే, నేను సరిగ్గా అడగలేదనా? ఆ పిల్ల తల్లి కూడా అడిగే ఉంటుంది కదా."



మొదటి వంతెన కూలిన చోట కొత్తది కట్టి, ఏటా ఆ రోజున కృతజ్ఞతా ప్రార్థన జరిపేవారు. ఆ ఏడాది రెండో ప్రమాదం గురించి గొణుగుడు ఎక్కువగా ఉండటంతో సభ మరీ ఘనంగా ఏర్పాటు చేశారు. పెద్దమ్మను తీసుకెళ్ళడానికి కారు పంపారు. నేనూ వెంట వెళ్ళాను. గురువుగారి ప్రార్థన అయ్యాక, ఎప్పటిలాగే మైకు ఆవిడ చేతికిచ్చారు.

ఆవిడ కాసేపు జనాన్ని చూసింది. తర్వాత మామూలుగా, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పింది. "మా ఆయన దేవుడి పని మీద పోలేదండి. వంతెన కూలి పోయాడు. బస్సులోవాళ్ళూ అంతే. దాన్ని కట్టింది మనుషులు. ఇన్నాళ్ళూ నేను దేవుడి మీదకు నెట్టాను. నన్ను క్షమించమని ఆయన్ని అడుగుతున్నాను."

మైకు కింద పెట్టి వెళ్ళి కూర్చుంది. ఎవరూ అరవలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిర్వాహకుడొకాయన తడబడి పాట అందుకోమని సైగ చేశాడు. పాట మొదలైంది.

సభ ముగిశాక వేదిక వెనకున్న చిన్న గదిలోకి మమ్మల్ని పిలిచారు. పెద్దాయన అందర్నీ బయటికి పంపేశాడు. నన్ను ఉండనిచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆయన కుర్చీలో కూలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

"ఎంత మాటన్నావమ్మా."

"తప్పయితే చెప్పండి అయ్యా."

"తప్పొప్పులు కాదు. రోజూ పొద్దున్నే ఒక్కటే అడుగుతాను దేవుణ్ణి. నన్నెందుకు ఉంచావు అని. ఈ దేశం కోసం అనుకుంటేనే మంచం దిగగలుగుతున్నాను. అదీ లేదంటే, నేను ఊరికే మిగిలిపోయినట్టే కదా."

పెద్దమ్మ ఆయన్ని జాలిగా చూసింది. నిజంగానే జాలి. "ఊరికే మిగిలిపోయినవాళ్ళం చాలామందిమి ఉన్నాం అయ్యా. అయినా వంటలు చేసుకుంటున్నాం, పనులకు వెళ్తున్నాం. మీరు ఆ వంతెనల సంగతి ఒకసారి చూడండి. అదొక్కటే నేను అడిగేది."

ఆయన ఆవిడ వంక చూడలేదు. "దేవుడు నా నమ్మకాన్ని పరీక్షిస్తున్నాడు," అన్నాడు, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. మేము సెలవు తీసుకున్నాం. వెనక్కి కారు పంపలేదు. బస్సులో వచ్చాం.

వంతెనల సంగతి ఎవరూ చూడలేదు. ఎవరో చిన్న ఇంజనీరును పక్కన పెట్టి చేతులు దులుపుకున్నారు. దుఃఖంతో ఆవిడకు మతి చెడిందని టీవీల్లో అన్నారు. పెద్దాయన మళ్ళీ గెలిచాడు. మందిరంలో పెద్దమ్మ కూర్చున్న బల్ల మీద మిగతావాళ్ళు కూర్చోవడం మానేశారు. మా మందిరం గురువుగారు మెత్తని మనిషి. ఒకరోజు గుమ్మం దాకా వచ్చి, "కొన్నాళ్ళు ఇంట్లోనే ప్రార్థన చేసుకోండమ్మా, అందరి మనసులూ కుదుటపడేదాకా," అన్నారు. ఆవిడ సరేనంది. ముప్పై ఏళ్ళుగా అక్కడి తెరలూ బల్లగుడ్డలూ కుట్టింది ఆవిడే. ఇంట్లో మిగిలిన బట్ట మడతపెట్టి, దారాలతో సహా పంపించేసింది.

ఆ రోజుల్లోనే పెద్దమ్మ రొట్టెల దుకాణం ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మొదటిసారి ఆవిడ తలుపు తీయలేదు. తర్వాత ఒకసారి తీసింది. పెద్దమ్మ లోపల కూర్చుని, ఆవిడ కూరగాయలు తరుగుతుంటే తనూ ఒక కత్తి తీసుకుని తరిగేది. ఇద్దరూ దేవుడి ఊసెత్తేవారు కాదట. పిల్లకు ఏ పాట ఇష్టమో, పెదనాన్న ఎలా గురక పెట్టేవాడో, అలాంటివే చెప్పుకునేవారు. వచ్చాక పెద్దమ్మ మొహం కాస్త తేటగా ఉండేది. ఆవిడకు మళ్ళీ ఒక తోడు దొరికిందని నేను సంతోషించాను.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం వెళ్ళి, చాలా త్వరగా తిరిగొచ్చింది. చెప్పులు విడవకుండానే గడప మీద కూర్చుంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఇక రావద్దందే. నామీద కోపం లేదట. నన్ను చూసినప్పుడల్లా ఆ వరండా కళ్ళముందుకొస్తోందట. ఏడ్చి, నా చెయ్యి పట్టుకుని చెప్పింది పాపం."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? రానులేమ్మా అన్నాను."

ఆ రొట్టెల దుకాణం ఆసుపత్రికి వెళ్ళే దారిలోనే ఉంది. మర్నాటి నుంచి పెద్దమ్మ ఆ వీధి మానేసి, చెరుకు మిల్లు వెనక నుంచి చుట్టూ తిరిగి పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. అప్పటికే మోకాళ్ళ నొప్పులు. ఆ దారిలో ఎత్తు ఎక్కువ. ఉద్యోగం విరమించేదాకా అలాగే వెళ్ళింది, మధ్యలో మిల్లు గోడ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ నడుస్తూ.