మా తమ్ముడి పెన్ టార్చి

మా తమ్ముడు పోయాడు. మాఘమాసం, మంచు ఇంకా విడవని పొద్దున. నేను ఢిల్లీ ద్వారకలో మా ఇంట్లో పూజలో ఉన్నాను. ఫోను మోగి ఆగి మళ్ళీ మోగింది. మరదలు. "వదినా, ఈయన లేవట్లేదు" అంది. అంతకంటే ఏమీ అనలేదు. హారతి ఇవ్వకుండానే లేచాను. ఫరీదాబాద్ చేరేసరికి డాక్టరు వచ్చి వెళ్ళిపోయాడు. గుండె అన్నాడట.

మీలో కొందరు వాణ్ణి ఎరుగుదురు. మన తెలుగువాళ్ళ శ్రీరామనవమి పందిట్లో మైకు పలక్కపోతే, వేదిక కిందికి బోర్లా పడుకుని దూరి, తెగిన తీగ పట్టుకుని బయటికొచ్చే మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, పెన్ టార్చి ఉండేది. సంతకం పెట్టాల్సివస్తే పక్కవాళ్ళ పెన్ను అడుక్కునేవాడు.

వాడి ఉద్యోగం అలాంటిది. ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ. ఇనుప రేకును ఒక్క దెబ్బతో వంచి కార్ల భాగాలు చేసే పెద్ద పెద్ద ప్రెస్సులు. పొద్దున్న షిఫ్టు మొదలయ్యే ముందు ఒక్కొక్క దాని లోపలికీ టార్చి వేసి చూసి, నడపొచ్చు అనేవాడు వీడే. వీడు ఊఁ అంటేనే ఆ ప్రెస్సు కింద మనుషులు చేతులు పెడతారు. ఆ ఊఁ అనడానికి వాడికి చాలా సేపు పట్టేది.

ఒకసారి నాతో కరోల్ బాగ్ వచ్చాడు. నాకు ఇత్తడి దీపం కుందులు కావాలి. దారిలో పనిముట్ల దుకాణం కనపడింది, ఇక నా కుందుల సంగతి దేవుడికెరుక. దుకాణంవాడు గల్లా మీద టార్చీలు పరిచాడు. వీడు ముందు ప్లాస్టిక్‌వన్నీ పక్కకి తోసేశాడు. నూనె తగిలితే కొన్నాళ్ళకి పెళుసెక్కి విరుగుతాయట. నున్నగా గుండ్రంగా ఉన్నవి కూడా వద్దన్నాడు. మెషీను మీద పెడితే దొర్లిపోయి లోపల పడతాయి. ఛార్జింగువి చూడనే లేదు.

"ఇవే కదరా ఇప్పుడు అందరూ కొనేది?" అన్నాను.

"షిఫ్టు మధ్యలో ఆరిపోతే ఏం చెయ్యను అక్కా? మామూలు సన్న సెల్ అయితే పాన్ దుకాణంలోనైనా దొరుకుతుంది."

తరవాత ఒక్కొక్కటి వెలిగించి తన అరచేతి మీద వేసుకున్నాడు. అరచెయ్యి అరచెయ్యిలా కనపడాలట. కొన్ని టార్చీల్లో వెలుగు నీలంగా ఉంటుంది, ఆ వెలుగులో తుప్పూ నూనె మరకా ఒకేలా ఉంటాయి. "ఇది చూడు, శవం చెయ్యిలా ఉంది" అని ఒకటి వెనక్కి ఇచ్చేశాడు. చివరికి ఒక అల్యూమినియం టార్చి మిగిలింది. పట్టుకుంటే జారకుండా గరుకు గీతలు, టోపీ అంచుకి తగిలించుకోడానికి గట్టి క్లిప్పు. దాన్ని గుండె ఎత్తు నుంచి గచ్చు మీదికి వదిలేశాడు.

"అరే భాయ్‌సాబ్! యే క్యా కర్ రహే హో!" దుకాణంవాడు లేచి నిలబడ్డాడు.

"పగిలితే నీ మాల్ నువ్వు ఉంచుకో. పగలకపోతే నేను తీసుకుంటా."

పగల్లేదు. అప్పుడు వాడి చూపు గల్లా మీదున్న నీళ్ళ గ్లాసు మీద పడింది. దుకాణంవాడు గ్లాసు వెనక్కి లాక్కుని నావైపు తిరిగాడు. "దీదీ, ఈయన్ని ఇంట్లో ఎలా భరిస్తారు?"

"అలవాటైపోయింది భయ్యా" అన్నాను. ఆ టార్చి నీళ్ళలో మునిగింది, వెలిగింది, మా ఇంటికొచ్చింది. కుందులు రాలేదు.

ఇంకో మాట చెప్పాలి. అది లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మా పూజగంట మోత ఒక ఏడాది మందగించింది. చింతపండు పెట్టి ఎంత తోమినా అంతే. వాడు వచ్చినప్పుడు చూపించాను. గంట మీద ఎదురుగా టార్చి వేసి "ఏమైనా కనపడిందా?" అన్నాడు. మెరుపు తప్ప ఏమీ లేదు. అప్పుడు వెలుగు తగ్గించి, టార్చిని గంటకి ఆనించినట్టు పక్కనుంచి పట్టాడు. అంచు దగ్గర వెంట్రుకంత నల్ల గీత లేచింది.

"మెరిసే లోహం మీద ఎదురు వెలుగు పనికిరాదక్కా. పక్కనుంచి వెయ్యి. గీతకి నీడ పడుతుంది. ఆ నీడనే మనం చూసేది." ఈ మాట వాడు ఎంతమందికి చెప్పాడో నాకు తెలియదు.

కిందటి వర్షాకాలం చివర్లో ఒక పెద్ద ప్రెస్సు పైభాగంలో, కడ్డీని పట్టి ఉంచే దిమ్మ దగ్గర వాడికి అలాంటి గీత కనపడింది. ప్రెస్సు ఆపమన్నాడు. పై మేనేజరు వచ్చాడు. ఆ ఆదివారం వాడు మా ఇంట్లో కూర్చుని చెప్పాడు, కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా.

"ఫోను టార్చి ఎదురుగా కొట్టి చూశాడక్కా. ధగధగ మెరిసింది, అంతే. ఏదయ్యా పగులు అన్నాడు. పక్కనుంచి చూడండి సార్ అన్నాను. ముందు నీ కళ్ళు చూపించుకో అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు."

కంపెనీయే కళ్ళ డాక్టరు దగ్గరికి పంపించింది. వాడి కూతురు, నా మేనకోడలు, తోడు వెళ్ళింది. డాక్టరు కంట్లోకి టార్చి వేస్తుంటే వీడు, "డాక్టర్ సాబ్, వెలుగు బాగుంది, ఎక్కడ కొన్నారు?" అని అడిగాడట. "పాపా, ప్లీజ్!" అని అది తల పట్టుకుంది. ఎడమ కంట్లో శుక్లం ఇప్పుడే మొదలైందన్నాడు డాక్టరు. పనికి అడ్డం కాదన్నాడు. కంపెనీకి మొదటి మాట వినపడింది, రెండోది వినపడలేదు.

వాణ్ణి తనిఖీ నుంచి తీసేశారు. రోడ్డు అవతల షెడ్డులో చేతి తొడుగులు ఇచ్చే పని చెప్పారు. ప్రెస్సుల వైపు రావద్దన్నారు. మర్నాటి నుంచి ఆ ప్రెస్సు మళ్ళీ నడిచింది.

వాడు ఆ ఉద్యోగం పోయిందని బాధపడి ఉంటే నేను ఓదార్చగలిగేదాన్ని. వాడి బాధ అది కాదు. "తొడుగులు మంచివే ఇస్తున్నానక్కా. లోపల వేళ్ళు మిగలాలి కదా" అనేవాడు. సాయంత్రం షిఫ్టు వదిలే వేళకి గేటు దగ్గర నిలబడి, ఆ ప్రెస్సు మీద పనిచేసే నలుగురూ బయటికి వస్తుంటే వాళ్ళ చేతులు చూసేవాడట. వాళ్ళకి విషయం చెప్పబోతే, కాంట్రాక్టు మనుషులు, "ఛోడియే అంకుల్, నౌకరీ చలీ జాయేగీ" అన్నారట. నోరెత్తితే ఉన్న ఉద్యోగం ఊడుతుందని వాళ్ళ భయం.

కార్తీకంలో ఒక ఆదివారం ఫోను చేశాడు. "అక్కా, నువ్వు దీపం పెట్టేటప్పుడు ఆ నలుగురి కోసం కూడా ఒక మాట అనుకుంటావా?"

"పేర్లు చెప్పు."

"పేర్లు ఎందుకు? చేతులు అను చాలు."

నేను రోజూ అనుకున్నాను. పేరు తెలియని నలుగురి చేతులు బాగుండాలని. తరవాత ప్రతి ఆదివారం వాడు "అనుకున్నావా?" అని అడిగేవాడు, నేను "అనుకున్నాను" అనేదాన్ని. ఆ రెండు మాటలయ్యాకే మిగతా కబుర్లు. నిద్ర పట్టట్లేదని మరదలు చెప్పింది. అన్నం కూడా తగ్గించాడంది. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే, "మళ్ళీ ఏం కనిపెడతారో, ఆ తొడుగుల పని కూడా పీకేస్తారు" అని నవ్వాడు.

పెద్దకర్మ రోజు ఆ మేనేజరు వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో బంతిపూలు. గదినిండా మనవాళ్ళూ, ఫ్యాక్టరీవాళ్ళూ ఉన్నారు. నేను ఫోటో పక్కన కూర్చుని ఉన్నాను. ఆయన చేతులు జోడించి హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు, అందరికీ వినపడేలా.

"దీదీ, మీ తమ్ముడివి మామూలు కళ్ళు కావు. అలాంటి మనిషి మళ్ళీ మాకు దొరకడు. ఆ ప్రెస్సు విప్పి చూస్తే, సరిగ్గా ఆయన చెప్పిన చోటే పగులు. లోపలిదాకా పోయింది. వెంటనే దిమ్మ మార్పించేశాం."

మరదలు తలెత్తింది.

"ఎప్పుడు విప్పారు?" అన్నాను.

"దీపావళి సెలవుల్లో, దీదీ. మెషీన్లన్నీ ఆగి ఉంటాయి కదా."

దీపావళి. కార్తీకం అప్పటికి మొదలవనే లేదు. వాడు నన్ను ఆ చేతుల కోసం అడిగేనాటికి ఆ చేతులకి ఏ ప్రమాదమూ లేదు. వాడు అన్ని సాయంత్రాలు గేటు దగ్గర చలిలో నిలబడాల్సిన అవసరమే లేదు. ఎవరైనా రోడ్డు దాటి ఆ షెడ్డుకి వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉంటే చాలు.

"వాడికి చెప్పారా?"

ఆయన చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "చెప్దామనే అనుకున్నాను. కానీ పగులు ఉందని తెలిసీ నడిపామని పైవాళ్ళదాకా వెళ్తే... మీరు అర్థం చేసుకోవాలి. కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ తనిఖీకి తెచ్చుకుందామనే..."

మేనకోడలు నా భుజం పట్టుకుంది. "బువాజీ, ఇన్‌కో బోలియే జాయేఁ" అంది, ఆయన్ని వెళ్ళిపొమ్మనమని. వెళ్ళమని నేను చెప్పలేదు. ఉండమనీ అనలేదు. నాకు కోపం తక్కువ అంటారు అందరూ. ఆయన్ని క్షమించే మనసు ఇమ్మని రోజూ అడుగుతున్నాను. ఇంకా రాలేదు. వచ్చినప్పుడు వస్తుంది.

"వాడు మీ మంచే కోరుకున్నాడండీ" అన్నాను. "ఆ ప్రెస్సు ఆగితే మీకెంత నష్టమో వాడికి తెలుసు. తెలిసే ఆపమన్నాడు."

ఫోటో ముందు పళ్ళెంలో అందరూ వేసిన పూలు ఉన్నాయి. ఆయన అటు ఒక అడుగు వేసి, నేను చూస్తున్నానని గ్రహించి ఆగిపోయాడు. గుమ్మం దగ్గర బూట్లు వెతుక్కుని మెట్లు దిగాడు. నేను కిటికీలోంచి చూశాను. సందు చివర కారు ఉంది. బంతిపూలు గుప్పిట్లోనే ఉన్నాయి. కారు తలుపు తీయడానికి వాటిని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.